పందికొక్కు పేరు పెట్టుకున్న సంచి జంతువు

"ఏంట్రా, పందికొక్కులా తింటున్నావ్?" ఈ మాట ఇంట్లో ఒక్కసారైనా వినని పిల్లలు మన బడిలో ఉండరనుకుంటాను. అమ్మమ్మ అన్నా, నాన్న అన్నా అది తిట్టే గానీ పొగడ్త కాదు. కానీ ఆ తిట్టులో ఉన్న మాటే సముద్రం దాటి వెళ్లి ఇంగ్లీషు డిక్షనరీలో కూర్చుంది. ఇంగ్లీషులో దాన్ని 'బాండికూట్' అంటారు. కాస్త పెద్ద డిక్షనరీ దొరికితే తీసి చూడండి, ఈ మాట తెలుగు 'పందికొక్కు' నుంచి వచ్చిందని అందులోనే రాసి ఉంటుంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, బజారులో మరాఠీ, టీవీలో హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలు "మన తెలుగు ఈ ఊరు దాటితే ఎవరికి పనికొస్తుంది?" అని అడుగుతుంటారు. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. గీత మారింది గానీ ఇళ్లల్లో భాష మారలేదు. ఆ ఇంటి భాషలోని ఒక మామూలు మాట ఆస్ట్రేలియాలో ఒక జంతువుకి పేరైంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ జంతువు ఎలుక కానే కాదు. సైన్స్ ప్రాజెక్టుల్లో ఈ రెంటినీ కలిపేసి, ఒకదాని బొమ్మ అంటించి ఇంకోదాని గురించి రాసే పొరపాటు సులభంగా జరుగుతుంది. కాబట్టి రెండూ వేరువేరుగా తెలుసుకుందాం.

ముందు మాట సంగతి. 'పందికొక్కు' అంటే పంది లాంటి కొక్కు. కొక్కు అంటే పెద్ద ఎలుక. ఒంటి మీద బిరుసు వెంట్రుకలు, కోపం వస్తే గుర్రుమనే అరుపు, మట్టి తవ్వే అలవాటు, ఇవన్నీ చూసి మన పెద్దలు పెట్టిన పేరు అది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1611లోనే మచిలీపట్నంలో వ్యాపార కేంద్రం పెట్టారు. తెలుగు తీరంలో తిరిగిన ఆ ఇంగ్లీషువాళ్ల నోట్లో 'పంది' కాస్తా 'బాండి' అయింది, 'కొక్కు' కాస్తా 'కూట్' అయింది. 1788లో వాళ్లే సిడ్నీ దగ్గర వలస పెట్టారు. అక్కడ పొడుగు మూతితో, మట్టి తవ్వుతూ తిరిగే ఒక చిన్న జంతువు కనిపించింది. ఇండియాలో చూసిన పందికొక్కు గుర్తొచ్చి దానికీ ఆ పేరే పెట్టేశారు. 18వ శతాబ్దం ముగిసేలోపే ఆ పేరు అక్కడ స్థిరపడింది. అక్కడి ఆదివాసుల భాషల్లో ఆ జంతువుకి అప్పటికే పేర్లున్నాయి. పెర్త్ ప్రాంతపు నూంగార్ భాష పేరు 'క్వెండా' ఇప్పటికీ వాడుకలో ఉంది. కానీ పుస్తకాల్లోకి ఎక్కువగా ఎక్కింది మాత్రం మన మాటే.

శాస్త్రవేత్తలు కూడా ఈ మాటను వదల్లేదు. మన పందికొక్కు శాస్త్రీయ నామం 'బాండికోటా ఇండికా', పొలాల్లో తిరిగే చిన్న రకం 'బాండికోటా బెంగాలెన్సిస్'. అంటే తెలుగు మాటకి లాటిన్ తోక తగిలించారన్నమాట. 1996లో వచ్చిన 'క్రాష్ బాండికూట్' వీడియో గేమ్ మీలో కొందరు ఆడే ఉంటారు. అందులో గంతులేసే క్రాష్ ఆస్ట్రేలియా బాండికూటే. కేరళలో మ్యాన్‌హోల్ శుభ్రం చేసే రోబోకి కూడా 'బాండికూట్' అనే పేరు పెట్టుకున్నారు. మురుగుకాలువలో దూరేది కాబట్టి ఈ పేరు మాత్రం మన ఎలుక తరఫున వచ్చిందే అనిపిస్తుంది.

ఇక తేడాలు. మన పందికొక్కు ఎలుకల జాతిది, కొరికే జంతువు. నోరు తెరిస్తే పైన రెండు, కింద రెండు ఉలి లాంటి పళ్లు ముందుకి కనిపిస్తాయి. అవి బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, అందుకే అది ఎప్పుడూ ఏదో ఒకటి కొరుకుతూ వాటిని అరగదీసుకోవాలి. ఆస్ట్రేలియా బాండికూట్‌కి ముందువైపు సన్నని పళ్లు చాలా ఉంటాయి, పురుగుల్ని పట్టి నమలడానికి. దాని వెనక కాళ్లలో రెండో వేలు, మూడో వేలు ఒకే తొడుగులో కలిసిపోయి, చివర గోళ్లు మాత్రం విడిగా ఉంటాయి. కంగారూకి కూడా అంతే. ఆ జంట గోళ్లతో అది ఒళ్లంతా దువ్వుకుంటుంది, దువ్వెన లాగా.

అన్నిటికంటే పెద్ద తేడా పిల్లల్ని పెంచే తీరు. ఎలుక, కుక్క, ఆవు, మనిషి, వీళ్లందరిలో పిల్ల తల్లి కడుపులోనే చాలావరకు పెరిగి పుడుతుంది. కంగారూ, కోలా, బాండికూట్ లాంటివి మార్సూపియల్‌లు, మన మాటలో సంచి జంతువులు. వాటి పిల్ల ఇంకా పూర్తిగా తయారు కాకుండానే పుట్టి, తల్లి పొట్ట దగ్గరున్న సంచిలో మిగతా పెరుగుదల పూర్తి చేసుకుంటుంది. ఈ రెండు వంశాలు విడిపోయి పది కోట్ల ఏళ్లకు పైనే అయింది. ఇవాళ భారతదేశంలో అడవిలో బతికే సంచి జంతువు ఒక్కటీ లేదు. అవి ఆస్ట్రేలియా, న్యూగినీ, వాటి పక్క దీవుల్లోను, ఉత్తర దక్షిణ అమెరికాల్లోను మాత్రమే ఉన్నాయి. తాడోబా అడవి మొత్తం గాలించినా మీకు ఒక్కటి కూడా కనబడదు.

బాండికూట్‌లలో ఇరవై రకాల దాకా ఉన్నాయి. చాలావరకు కుందేలంత గానీ, అంతకంటే చిన్నవిగా గానీ ఉంటాయి. చాలావరకు రాత్రి తిరిగేవే. పగలు నేల మీద చిన్న గుంత చేసి, దాని మీద గడ్డీ ఆకులూ కప్పుకుని పడుకుంటాయి. ఆ గూడు పక్కనే నిలబడి చూసినా చెత్తకుప్ప అనుకుంటాం. వాన వచ్చేటట్టుంటే కొన్ని రకాలు పైన మట్టి కూడా చల్లుకుంటాయి. ఒంటరిగా బతుకుతాయి. రెండు మగవి ఎదురుపడితే ఒకదాన్నొకటి తరుముకుంటాయి, గోళ్లతో చీరుకుంటాయి.

చీకటి పడగానే పని మొదలు. పొడుగు ముక్కు నేలకి ఆనించి వాసన చూస్తూ నడుస్తుంది. మట్టి కింద పురుగో, వానపామో ఉందని తెలియగానే ముందుకాళ్లతో తవ్వి, ఆ గుంతలో మూతి దూర్చి లాగేస్తుంది. పురుగులే కాదు, సాలీళ్లు, దుంపలు, విత్తనాలు, నేల లోపల పెరిగే పుట్టగొడుగులు కూడా తింటుంది. పొద్దున లేచి చూస్తే గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంతలు కనిపిస్తాయి. సిడ్నీ, పెర్త్‌లలో ఉండే మన తెలుగువాళ్లు పెరట్లో ఇలాంటి గుంతలు చూసి "ఎలుకలు తవ్వాయి" అనుకుంటే అనుకోవచ్చు, పేరు కూడా అలాగే ఉందాయె! కానీ ఆ గుంతలు నష్టం కాదు. వాన నీళ్లు వాటిలో నిలిచి భూమిలోకి ఇంకుతాయి, ఆకుచెత్త చేరి ఎరువవుతుంది, విత్తనాలు పడి మొలుస్తాయి. క్వెండాల మీద చేసిన ఒక లెక్క ప్రకారం ఒక్క జంతువు రాత్రికి సుమారు 45 గుంతలు తవ్వుతుంది, ఏడాదిలో దాదాపు 4 టన్నుల మట్టి తిరగేస్తుంది. ఆ జంతువు బరువు చూస్తే కిలోకి కాస్త అటూ ఇటూ. ఎద్దుల్లేకుండా దున్నే రైతు అనొచ్చు దాన్ని.

ఇప్పుడు అసలు ముచ్చట, దాని పుట్టుక. ఇక్కడ లెక్కలన్నీ ఉత్తర గోధుమ రంగు బాండికూట్‌వి. ఆస్ట్రేలియా ఉత్తర, తూర్పు తీరాల్లో ఉండే రకం అది. శాస్త్రీయ నామం ఐసూడాన్ మాక్రూరస్.

దీని గర్భం పన్నెండున్నర రోజులు. నెలలు కాదు, రోజులే! పాలిచ్చే జంతువులన్నిట్లో ఇంత తక్కువ గర్భకాలం ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మన పొలాల్లో పందికొక్కుకి కూడా మూడు వారాలు పైనే పడుతుంది.

పుట్టిన పిల్ల సుమారు ఒక సెంటీమీటరు ఉంటుంది. మీ చిటికెన వేలి గోరు చూసుకోండి, దాదాపు అంతే. బరువు గ్రాములో ఐదో వంతు. కళ్లు లేవవు, చెవులు లేవవు, వెనక కాళ్లు ఇంకా మొగ్గల్లా ఉంటాయి. ముందుకాళ్లు మాత్రం తయారుగా ఉంటాయి, చిన్న గోళ్లతో సహా, ఎందుకంటే పుట్టిన వెంటనే దానికి ఒక ప్రయాణం ఉంది. పుట్టిన చోటు నుంచి తల్లి సంచిలోకి పాక్కుంటూ పోవాలి. ఆ దారిలో కూడా దాని బొడ్డుతాడు తల్లికి అంటుకునే ఉంటుంది, పర్వతారోహకుడి నడుముకి కట్టిన తాడులాగా.

బొడ్డుతాడు అన్నాను కదా, దాని గురించి ఒక మాట. కంగారూ లాంటి సంచి జంతువుల్లో కడుపులో పిల్లకి ఆహారం అందించే ఏర్పాటు చాలా సాదాగా ఉంటుంది. బాండికూట్‌లో దానికి తోడు మనుషుల్లో, ఆవుల్లో ఉండే మావి లాంటిది కూడా, చివరి కొద్ది రోజుల కోసం, ఏర్పడుతుంది. సంచి ఉన్న జంతువుకి మావి కూడానా! "సంచి జంతువులకు మావి ఉండదు" అని ఎక్కడైనా ఒక్క ముక్కలో రాసి ఉంటే, పై తరగతుల పిల్లలు బాండికూట్ పేరు పక్కన రాసుకోండి.

సంచి మూతి కూడా కంగారూకి ఉన్నట్టు ముందుకి కాకుండా వెనక్కి తెరుచుకుంటుంది. కారణం ఊహించగలరా? నేల తవ్వే జంతువు కదా, సంచి ముందుకి తెరిచి ఉంటే తవ్విన మట్టంతా పిల్లల మీద పడుతుంది. పైగా వెనక్కి తెరిచి ఉండటం వల్ల కొత్తగా పుట్టిన పిల్ల పాకాల్సిన దూరం కూడా తక్కువ.

సంచిలో ఎనిమిది చనుమొనలుంటాయి. పిల్లలు మాత్రం మామూలుగా రెండు నుంచి నాలుగే. మరి మిగతావి ఎందుకు? పిల్ల చనుమొన నోట్లో పెట్టుకోగానే అది లోపల ఉబ్బి, పిల్ల జారిపోకుండా పట్టు ఇస్తుంది. పిల్ల పెరిగే కొద్దీ ఆ చనుమొనా పెద్దదవుతుంది. తర్వాతి కాన్పులో పుట్టే సెంటీమీటరు పిల్ల నోట్లో అంత పెద్దది పట్టదు. అందుకని కొత్త పిల్లలు ఖాళీగా ఉన్న చిన్నవాటిని పట్టుకుంటాయి. అన్నయ్యలు వాడినవి పెద్దవి, తమ్ముళ్లకి చిన్నవి. తల్లి ఏమీ పంచిపెట్టకుండానే పంపకం జరిగిపోతుంది.

దాదాపు యాభై రోజులు దాటాక పిల్లలు సంచి వదిలి గూట్లో ఉండటం మొదలుపెడతాయి. రెండు నెలలకు పాలు మానేస్తాయి. తల్లి అప్పటికే మళ్లీ గర్భంతో ఉండొచ్చు. పెద్ద పిల్లలు పాలు మానే రోజులకి కొత్తవి పుట్టేట్టుగా లెక్క సరిపోతుంది.

ఈ వేగం అర్థం కావాలంటే మన క్యాలెండర్ మీద పెట్టి చూద్దాం. ఆస్ట్రేలియాలో రుతువులు వేరే, ఇది కొలత కోసం మాత్రమే. మన విదర్భలో బడులు జూన్ చివర్లో తెరుస్తారు కదా, ఆ రోజే గర్భం దాల్చిందనుకోండి. మీకు కొత్త పుస్తకాలకు అట్టలు వేసుకోవడం పూర్తయ్యేసరికి, జూలై మొదటి వారం దాటగానే, పిల్లలు పుట్టేస్తాయి. పోళా పండుగ దగ్గర పడేసరికి సంచి దిగుతాయి. వినాయక చవితి సందడి నాటికి తల్లి పాలు అక్కర్లేకుండా సొంతంగా పురుగులు వెతుక్కుంటుంటాయి. దీపావళి కల్లా ఆ పిల్లల్లో ఆడవి తామే తల్లులు కావచ్చు. మీకు అర్ధ సంవత్సర పరీక్షలు అవుతుంటాయి, అక్కడ అమ్మమ్మ తరం తయారవుతుంది.

ఇంత తొందర ఎందుకంటే ఆయుష్షు చిన్నది. అడవిలో రెండు మూడేళ్లు బతికితే గొప్ప. గుడ్లగూబలు, కొండచిలువలు, డింగోలు అన్నీ దాన్ని తినేవే. తల్లి పిల్లలకి ఎక్కువ నేర్పదు కూడా, గూడు వదిలిన పిల్ల తన దారి తను చూసుకోవాలి. చాలా పిల్లలు పెద్దవి కాకుండానే పోతాయి.

ఇంత వేగంగా పిల్లల్ని కనే జంతువుకి అంతరించే భయం ఉండదనుకుంటాం. కానీ యూరప్ వాళ్లు వేటాడే సరదాకి నక్కల్ని, ఇళ్ల కోసం పిల్లుల్ని ఆస్ట్రేలియాకి తెచ్చారు. అలాంటి శత్రువులు బాండికూట్‌లకి కొత్త. గడ్డి మైదానాలు కూడా పొలాలైపోయాయి. ఎడారి బాండికూట్ పోయింది. పంది కాళ్ల బాండికూట్ అని ఒకటుండేది, గిట్టల్లాంటి ముందుకాళ్లతో సన్నగా జింకపిల్లలా నిలబడేది. తెలుగులో చెబితే దాని పేరు 'పంది కాళ్ల పందికొక్కు', రెండు పందులు ఒకే పేరులో! 1838లో దానికి శాస్త్రీయ నామం పెట్టినాయన చూసిన నమూనాకి తోక ఊడిపోయి ఉంది. అందుకని 'తోక లేనిది' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. నిజానికి దానికి చక్కటి తోక ఉండేది. 20వ శతాబ్దం మధ్య నాటికి ఆ జంతువూ లేకుండా పోయింది, ఆ తప్పు పేరు మిగిలింది.

ఒకటి మాత్రం వెనక్కి వచ్చింది. తూర్పు చారల బాండికూట్ అంటారు, నడుము మీద లేత రంగు పట్టీలుంటాయి. వీడియో గేమ్‌లో క్రాష్ ఈ రకానిదే. నక్కలు లేని టాస్మానియా దీవిలో ఇది నిలిచింది గానీ, విక్టోరియా రాష్ట్రంలో 1980ల చివరికి హామిల్టన్ అనే ఊరి చుట్టుపక్కల కొద్దిమాత్రమే మిగిలాయి. 1988లో ఉన్నవాటిని కొన్ని పట్టి, జూలలో పెంచి, కంచె కట్టిన చోట్ల వదలడం మొదలుపెట్టారు. మొదట్లో చాలాసార్లు దెబ్బతిన్నారు. తర్వాత నక్కలు లేని దీవుల్లో వదిలారు, చర్చిల్ దీవి, ఫిలిప్ దీవి, 2019లో ఫ్రెంచ్ దీవి. గొర్రెలు కాసే మరెమ్మా జాతి కుక్కలకి తర్ఫీదు ఇచ్చి బాండికూట్‌లకి కాపలా పెట్టారు కూడా. 2021 సెప్టెంబరులో విక్టోరియా ప్రభుత్వం దాన్ని 'అడవిలో అంతరించినది' అనే జాబితా నుంచి తీసి 'ప్రమాదంలో ఉన్నది' అనే జాబితాలో చేర్చింది. అప్పటికి సంఖ్య సుమారు 1,500. దీనికి పట్టిన కాలం ముప్పై ఏళ్లకు పైనే.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆస్ట్రేలియా బాండికూట్‌ని కాపాడాలని చదివి, మన ఇంటి గోడ కింద తవ్వే పందికొక్కుని కూడా వదిలేయమని పిల్లలు అడిగితే నవ్వకండి, కానీ తేడా చెప్పండి. మరాఠీలో 'ఘూస్' అనే ఈ ఎలుక ధాన్యం తింటుంది, తిన్నదానికంటే ఎక్కువ బొరియలో దాచి పాడుచేస్తుంది. దాని మూత్రం కలిసిన నీళ్ల నుంచి ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) రావచ్చు. వానాకాలంలో కాళ్లకి పుండ్లుంటే బురద మడిలో దిగకండి, దిగాల్సి వస్తే బూట్లు వేసుకోండి. మడిలో పని చేశాక జ్వరం, ఒళ్లునొప్పులు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే సొంత వైద్యం చేయకుండా వెంటనే డాక్టరుకి చూపించి, నీళ్లలో దిగిన సంగతి కూడా చెప్పండి. ఎలుకల మందు మాత్రం పిల్లలకి, కోళ్లకి, కుక్కలకి అందే చోట పెట్టవద్దు. జింక్ ఫాస్ఫైడ్ లాంటి వాటికి విరుగుడు లేదు. జెర్రిపోతు కనిపిస్తే కొట్టకండి. అది విషం లేని పాము, ఎలుకల్ని తినేదే అది.

ఇక విద్యార్థులకు. ప్రాజెక్టు కోసం బొమ్మ అంటించే ముందు మూతి, పళ్లు, వెనక కాలి వేళ్లు చూడండి. వేళ్లు జంటగా కలిసి ఉంటే ఆస్ట్రేలియాది, ఉలి పళ్లు కనిపిస్తే మనది. ఇంకో పని కూడా చేయండి. ఇంట్లో అమ్మమ్మని, తాతయ్యని అడిగి ఎలుకల పేర్లన్నీ రాసుకు రండి. ఎలుక, చిట్టెలుక, చుంచు, పందికొక్కు, ఇవి నాకు తెలిసినవి. మీ ఇంట్లో వీటికి వేరే మాటలుంటే, పక్కింటి మరాఠీ, గోండీ వాళ్లు వేరే మాట అంటే, అదీ పక్కన రాయండి, ఎవరు చెప్పారో, ఏ జంతువుని చూపించి చెప్పారో కూడా.